తుప్పు లేదని ధ్రువీకరిస్తూ

రోజూ పొద్దున తొమ్మిదింటికల్లా చంద్రుడి మీద తుప్పు లేదని నేను సంతకం పెట్టేవాణ్ణి. అదే నా ఉద్యోగం. నమ్మకపోతే మీ ఇష్టం గాని, నా సర్వీసు రిజిస్టరులో ఉంది: భిక్షపతి, ఫీల్డ్ అసిస్టెంట్, గ్రేడ్ రెండు, చంద్ర స్థలం, మొగిలిగుంట గ్రామం.

చంద్రుడు మొగిలిగుంటకు ఎలా వచ్చాడో ముందు చెప్పాలి. మా సంస్థ హైదరాబాదులో ఉంటుంది. గ్రహాల నేలను దూరం నుంచి చూసి, దాని మీద పడి తిరిగొచ్చే వెలుతురును బట్టి అక్కడున్నది ఏ రాయో తేల్చడం సంస్థ పని. అలా చూసే పరికరాన్ని పైకి పంపే ముందు, చంద్రుడిలాంటి నేల ఒకటి ఇక్కడే తయారుచేసుకుని, విమానంలోంచి దానికి చూపించి, సరిగ్గా గుర్తుపడుతోందో లేదో పరీక్షించాలి. చంద్రుడి మీద మనకు కనిపించే నల్లమచ్చలు ఎప్పుడో గడ్డకట్టిన లావా రాయి. మొగిలిగుంట పక్క గుట్టలు కూడా ఆ జాతి నల్లరాయే. అందుకని ఊరి చివర ఎకరంన్నర బంజరు తీసుకుని, జేసీబీతో పైమట్టి గీకించి, గుట్ట నుంచి అప్పటికప్పుడు పగలగొట్టిన నల్లరాళ్ళు పరిచి, చుట్టూ ముళ్ళకంచె వేసి, 'చంద్ర సమాన స్థలము, అనుమతి లేనిదే ప్రవేశము నిషిద్ధము' అని బోర్డు పెట్టారు.

మొదటి ఏడాది బాగానే గడిచింది. రెండు వానాకాలాలు పోయేసరికి రాళ్ళు రంగు తిరిగాయి. ఇందులో వింతేమీ లేదు. నల్లరాతిలో ఇనుముంటుంది. గాలీ నీళ్ళూ తగిలితే ఇనుము ఏమవుతుందో మీ ఇంటి గేటును చూసినా తెలుస్తుంది. రాళ్ళ పైన గోటితో గీకితే పోయేంత పల్చగా ఇటుకరంగు పొర కట్టింది. అయితే పైనుంచి చూసే పరికరానికి ఆ పొరే సమస్తం. వెలుతురు పొర మీద పడి అక్కణ్ణుంచే వెనక్కి వెళ్ళిపోతుంది, లోపలి రాతి దాకా దిగదు. ఆ ఏడు విమానం తీసిన చిత్రంలో చంద్రుడు అచ్చం కొత్త కుండలా ఎర్రగా వచ్చాడు. 'నల్లరాయి: లేదు. తుప్పు: ఉంది' అని పరికరం నివేదిక కూడా ఇచ్చింది.

మా డైరెక్టరు డాక్టర్ పద్మలోచనరావు గారు అత్యవసర సమావేశం పెట్టారు. ఆయన మూడు గ్రహాల నేలను క్షుణ్ణంగా చదివినవారు. మొగిలిగుంటకు మాత్రం అప్పటికింకా రాలేదు.

"ఏడో నిబంధన చదవండి" అన్నారాయన.

పరిపాలనాధికారి గజానన శర్మ గారు కళ్ళజోడు సర్దుకుని చదివారు. "సదరు స్థలము ప్రకటన తేదీ నాటి స్థితిలోనే శాశ్వతముగా ఉండవలెను. మార్పు ఏదేని సంభవించినచో అందులకు క్షేత్ర సిబ్బంది బాధ్యత వహించవలెను."

అందరూ నావైపు తిరిగారు. క్షేత్ర సిబ్బంది మొత్తం కలిపి నేనొక్కణ్ణే.

"సార్, ఇనుముకు గాలి తగిలితే..." అని మొదలుపెట్టాను.

"చంద్రుడి మీద గాలి ఉందా?"

"లేదు సార్."

"మరి చంద్ర స్థలంలో ఎందుకుంది? ఎవరి అనుమతితో ఉంది?"

ఏం చెప్పమంటారు? నేను పుట్టకముందు నుంచీ ఉంది సార్ అనబోయి, ప్రొబేషన్ గుర్తొచ్చి ఊరుకున్నాను. శర్మ గారు మినిట్సు పుస్తకంలో 'స్థలములో ఆక్సిజన్ అనధికారికముగా ప్రవేశించి యున్నట్లు గుర్తించడమైనది' అని రాసుకున్నారు. ఆ వాక్యం ఆయనకే ఎంత ముచ్చటేసిందంటే, రెండుసార్లు పైకి చదివి వినిపించారు.

వారం తిరక్కుండా చర్యలు మొదలయ్యాయి. చెట్లు ఆక్సిజన్ వదులుతాయి గనక కంచె పక్కనున్న రెండు తుమ్మచెట్లు కొట్టించారు. గేటు దగ్గర 'ఈ ఆవరణలో ఊపిరిని పొదుపుగా వాడవలెను' అని రెండో బోర్డు పెట్టారు. దానిమీద ఒక కుర్ర శాస్త్రవేత్త అభ్యంతరం చెప్పాడు. మనుషులు ఆక్సిజన్ పీల్చేసి తగ్గిస్తారు కాబట్టి పొదుపు చేయడం పొరపాటని, నిజానికి వీలైనంత మందిని లోపలికి పంపి గట్టిగా పీల్పించాలని అతని వాదన. అందులోనూ న్యాయముందని ఉపసంఘం వేశారు. ఉపసంఘం తేల్చేదాకా లోపలికి వెళ్ళేవాళ్ళు మధ్యస్థంగా పీల్చాలని నాకు మౌఖిక ఆదేశం వచ్చింది. లోపలికి వెళ్ళేది నేనూ, అప్పుడప్పుడూ ఒక మేకా.

ఇంత చేసినా పొర మాత్రం పోలేదు.

కంచెకు తూర్పున, గట్టు అవతల, మాణెమ్మక్కది రెండెకరాల ఎర్ర చెల్క. ఏటా కంది వేస్తుంది. ఆమె పెనిమిటికి సేద్యం మీద నమ్మకం లేదు, జహీరాబాదులో ఆటో నడుపుతాడు. చెల్క చూసుకునేది, ఇల్లు చూసుకునేది ఆమే. మధ్యాహ్నం పూట నాకింత సల్ల పోసేది కూడా ఆమే. ఒకరోజు నేను రాయి పక్కన కూర్చుని గోటితో గీకుతుంటే చూసింది.

"ఏమాయె సారూ, చంద్రునికి సిలుము పట్టిందా?"

"పట్టిందక్కా. పొయ్యే తొవ్వ దొరుకుతలేదు."

"దానికేంది, ఇత్తడి బిందెలకు పట్టదా? చింతపండు ఏసి తోమితె ఒక్కనాడు ఉంటదా?" అని నవ్వుకుంటూ పోయింది.

ఆ మాట నేను నవ్వులాటకే నెలవారీ నివేదికలో రాశాను. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమనే ఆఫీసు మాది, ఆ సంగతి మరిచిపోయాను. నాలుగో రోజుకల్లా ఆర్డరు వచ్చింది: 'దేశీయ సేంద్రియ ఆమ్లము ద్వారా చంద్ర ఉపరితల పునరుద్ధరణ.' పన్నెండు మంది ఆడవాళ్ళు గంపల్లో చింతపండూ బూడిదా కొబ్బరిపీచూ వేసుకుని కంచె లోపలికి వచ్చారు. మాణెమ్మక్కే మేస్త్రి. కొంగులు బిగించి, ఒక్కో రాయిని ఒళ్ళోకి లాక్కుని తోమారు.

"నా లగ్గంల వెట్టిన బిందె గూడ నేనింత తోమలే" అంది ఒకావిడ.

"మంచిగ తోమే, మీది నుంచి చూస్తరట" అంది ఇంకొకావిడ.

"చూస్తె చూడనీ. ఆడికెల్లి చింతపండు పులుపు గూడ తెలుస్తదా ఏంది?"

తొమ్మిది రోజుల్లో చంద్రుడు నల్లగా నిగనిగలాడాడు. డైరెక్టరు గారు సంతోషించి ఈ పద్ధతి మీద ఒక పరిశోధన పత్రం రాశారు. అందులో మాణెమ్మక్క 'స్థానిక వనరు' అనే పేరుతో ఉంది. ఇకమీదట రోజూ తొమ్మిదింటికి నేను రాళ్ళు చూసి 'తుప్పు లేదని ధ్రువీకరించడమైనది' అని సంతకం చేయాలని ఉత్తర్వు వేశారు.

తొమ్మిదింటికి నిజంగానే ఉండేది కాదు. పదకొండింటికి గాలి లేచేది. తూర్పు గాలి. మాణెమ్మక్క చెల్కలోంచి ఎర్రటి దుమ్ము లేచి, కంచె దాటి, తోమిన రాళ్ళ మీద మెత్తగా వాలేది. మరునాడు పొద్దున మళ్ళీ తుడిపించి సంతకం పెట్టేవాణ్ణి. అలా జరిగిపోతే పోయేది.

మే నెలాఖరులో డైరెక్టరు గారు స్వయంగా తనిఖీకి వచ్చారు, అదీ మధ్యాహ్నం పూట. జేబులోంచి తెల్ల రుమాలు తీసి రాయిని తుడిచి, నాకు చూపించారు. రుమాలు ఎర్రబడింది.

"తుప్పు లేదని పొద్దున సంతకం పెట్టావు."

"ఇది తుప్పు కాదు సార్, దుమ్ము. పక్క చెల్క నుంచి లేస్తుంది."

అక్కడితో ఆపితే ఏం పోయేది? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? కానీ జియాలజీ చదివిన నోరు ఊరుకోదు కదా. పెద్దాయన ముందు నాకూ నాలుగు ముక్కలు తెలుసనిపించుకోవాలని బుద్ధి పుట్టింది.

"ఆ మాటకొస్తే ఎర్రమన్ను కూడా ఒక రకంగా తుప్పే సార్. లక్షల ఏళ్ళ కిందట ఈ నల్లరాయే నానీ అరిగీ, అందులో ఇనుము తుప్పుపట్టి అట్లా ఎర్రబడింది."

డైరెక్టరు గారు గట్టు దాకా నడిచారు. దుక్కి దున్ని వానకోసం సిద్ధంగా పెట్టిన రెండెకరాల చెల్కను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశారు.

"అంటే ఇదంతా తుప్పే?"

"శాస్త్రరీత్యా సార్..."

"లోతెంత ఉంటుంది?"

"మూడడుగులు" అన్నాను. అప్పటికీ నాకు అర్థం కాలేదు చూడండి!

ఆర్డరు నా చేతికే వచ్చింది, ఆమెకు అందజేయమని. 'చంద్ర స్థలమునకు ఆనుకొనియున్న సర్వే నంబరు 114లో రెండు ఎకరముల విస్తీర్ణమున, మూడడుగుల లోతున, తుప్పు నిల్వయున్నట్లు సంస్థ దృష్టికి వచ్చినది. సదరు తుప్పు జూన్ పదవ తేదీన యంత్రముల ద్వారా తొలగించబడును. తొలగింపు అనంతరము కూడ భూమిపై హక్కు యథాతథముగా యజమానికే చెందునని సంతోషముతో తెలియజేయడమైనది.'

నేను వెళ్ళేసరికి ఆమె అరుగు మీద కూర్చుని ఇత్తనపు కందులు చెరుగుతోంది. కాగితం చదివి వినిపించాను.

"సిలుమా? నా చెల్కల సిలుము ఏడున్నది?"

"చెల్కే సిలుమటక్కా."

ఆమె లేచి, నన్ను చెల్కకు తోలుకపోయి, వంగి పిడికెడు మన్ను తీసి నా మొహం ముందు పెట్టింది. "గిది సిలుమా సారూ? నా లగ్గమైన కాడికెల్లి గిండ్ల కందులు పండిస్తున్న. సిలుముల ఏడనన్న కంది మొలుస్తదా?"

"హక్కు నీకే ఉంటదని రాసిన్రక్కా."

"మన్నంత ఎత్తుకపోయినంక హక్కును ఏం జేస్కోవాలె? అన్నంల కలుపుకోవాల్నా?" అంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "నా మన్ను సిలుమని వాళ్ళకు ఎవలు చెప్పిన్రు?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేకపోయాను. "నేనే అక్కా."

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "రెండేండ్లు నీకు సల్ల పోసిన గద సారూ" అంది అంతే.  

మిరుగు, అదే మృగశిర కార్తె, జూన్ ఎనిమిదో తారీఖున వస్తుంది. మిరుగులో పడ్డ మొదటి వానకు కంది వేయాలి. పదో తారీఖున జేసీబీ వస్తుంది. మధ్యలో మిగిలినవి ఎన్నో రోజులు కావు. ఆమెను వెంటబెట్టుకుని హైదరాబాదు బస్సెక్కాను. శర్మ గారు ఆమెను మర్యాదగా కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిప్పించి, ఫైలు తెరిచారు.

"అమ్మా, మీ విజ్ఞప్తిని సానుభూతితో పరిశీలించడం జరిగింది. అది తుప్పు కాదు, మన్ను అని మీ వాదన. అంతేనా?"

"అవ్ సారూ, మన్నే."

"మన్నని ధ్రువపత్రం ఉందా?"

"మన్నుకు పత్రమేంది సారూ?"

"చూశారా, అదే చిక్కు. తుప్పని మా దగ్గర నిపుణుడి వాంగ్మూలం ఉంది." ఆయన నావైపు చెయ్యి చూపించారు. "మన్నని మీ దగ్గర ఒక్క ముక్క లేదు. మేం దేన్ని నమ్మాలి చెప్పండి?"

నేను లేచి నా వాంగ్మూలం వెనక్కి తీసుకుంటానన్నాను. ఒకసారి నమోదైన శాస్త్రీయ సత్యాన్ని గ్రేడ్ రెండు ఉద్యోగి ఉపసంహరించుకోవడానికి వీల్లేదని, దానికి కనీసం గ్రేడ్ ఏడు ఉండాలని ఆయన రూలు చూపించారు.

తిరుగు బస్సెక్కాం. సదాశివపేట దాటినంక ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగింది. "సారూ, నల్లగున్న జాగ దొరికితె చంద్రుడన్నరు. మీ మొగులు మీద ఎర్రగుండేది ఒక్కటన్న లేదా?"

నేను సీట్లోంచి ఎగిరి లేచినంత పని చేశాను. లేకేం! అంగారకుడు! ఒళ్ళంతా తుప్పే గనక ఎర్రగా కనిపిస్తాడు. మా సంస్థలో అంగారక విభాగం ఒకటి, జనరేటరు గది పక్కన, ఆరేళ్ళుగా ఉంది. దాని అధిపతి డాక్టర్ వైజయంతి గారు తనకో స్థలం కావాలని ఆరేళ్ళుగా అడుగుతూనే ఉన్నారు. చంద్ర విభాగానికి ఎకరంన్నర ఇచ్చి తనకు సెంటు కూడా ఇవ్వలేదని ఆవిడ కడుపుమంట సంస్థలో తెలియనివాళ్ళు లేరు. బస్సు దిగకముందే ఫోన్ చేశాను.

"మేడం, రెండెకరాల తుప్పుంది. మూడడుగుల లోతు."

"నాణ్యత ఎలా ఉంది?" అన్నారావిడ, గొంతు వణుకుతుండగా.

పదో తారీఖు పొద్దున జేసీబీ వచ్చింది. మాణెమ్మక్క గట్టు మీద, దానికి ఎదురుగా కూర్చుంది. డైరెక్టరు గారూ శర్మ గారూ గొడుగు కింద నిలబడ్డారు. యంత్రం తొండం ఎత్తింది. అంతలో దుమ్ము రేపుకుంటూ ఒక జీపు వచ్చి ఆగింది. అందులోంచి వైజయంతి గారు దిగారు, ఆవిడ వెనకే రంగు ఇంకా ఆరని బోర్డు దిగింది. 'అంగారక సమాన స్థలము.'

"తవ్వకండి! నా గ్రహాన్ని ముట్టుకోవద్దు!" అని అరిచారావిడ.

"డాక్టర్ వైజయంతీ, ఇది తుప్పు. చంద్రుడి దృష్ట్యా ఇది కాలుష్యం" అన్నారు డైరెక్టరు గారు.

"అంగారకుడి దృష్ట్యా ఇది ఆస్తి సార్. మా గ్రహంలో తుప్పు తీసేస్తే మిగిలేదేముంది? ఇంత సహజమైన తుప్పు రాష్ట్రంలో మరెక్కడా లేదు. మీ చంద్రుడి కోసం మా అంగారకుణ్ణి గీకేస్తారా?"

జేసీబీ డ్రైవరు ఇంజను ఆపి బీడీ ముట్టించాడు. "మేడం, తవ్వాల్నా వద్దా? ఏదో ఒకటి జెప్పున్రి. మల్లా నాకు ఇంకో ఊర్ల పనుంది."

రెండు విభాగాలూ డైరెక్టరు గారి కిందివే. ఒక గ్రహాన్ని కాపాడటానికి ఇంకో గ్రహాన్ని ధ్వంసం చేశారన్న మాట ఆయన భరించలేరు. గొడుగు కిందే ఒప్పందం రాశారు. గట్టుకు పడమట తుప్పు నిషిద్ధము. గట్టుకు తూర్పున తుప్పు విధిగా ఉండవలెను. గాలికి గట్టు దాటే దుమ్మును గ్రహాంతర రవాణాగా పరిగణించి విడిగా నమోదు చేయవలెను. నా పని రెట్టింపైంది. తొమ్మిదింటికి చంద్రుడి మీద తుప్పు లేదని ఒక సంతకం, తొమ్మిదింబావుకు గట్టు దూకి అంగారకుడి మీద తుప్పు క్షేమంగా ఉందని ఇంకో సంతకం.

జేసీబీ వెనక్కి మళ్ళింది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. మాణెమ్మక్క కళ్ళు తుడుచుకుని, ఇంటికి పోయి ఇత్తనాల చాట తెచ్చింది.

"ఏమిటవి?" అన్నారు వైజయంతి గారు.

"కందులు మేడం. వాన ఒస్తె ఇత్తుత."

"అంగారకుడి మీద కందా!" ఆవిడ నిజంగానే గుండె పట్టుకున్నారు. "అమ్మా, అక్కడ గడ్డిపోచ కూడా ఉండదు. మొక్క మొలిస్తే అది అంగారకుడు ఎలా అవుతుంది? మీరు యజమానిగా నిరభ్యంతరంగా కొనసాగండి. విత్తడం మాత్రం ఏడో నిబంధనకు విరుద్ధం."

మాణెమ్మక్క నావైపు తిరిగింది. "మన్ను ఇడిసిపెట్టిన్రు, మొలక వద్దంటున్నరు. గిదేం నాయం సారూ? మన్ను నేను ముంగట వెట్టుకొని చూస్కుంట కూసోవాల్నా?"

 ఈసారి నోరు మూసుకోవడం నేర్చుకున్నాను.

పన్నెండో తారీఖు సాయంత్రం వాన దంచికొట్టింది. మరునాడు తెల్లారేసరికి చెల్కలో ఎడ్లు కట్టి, గొర్రు పట్టి, మాణెమ్మక్క ఇత్తడం మొదలుపెట్టింది. దొంగచాటేమీ లేదు. ఊరంతా చూస్తుండగా, పాట కూడా పాడుకుంటూ. నేను రిజిస్టరు పట్టుకుని గట్టు మీద నిలబడ్డాను.

"ఏం సారూ, ఆపుతవా?"

"నా డ్యూటీ సిలుము చూసుడే అక్కా. ఎడ్ల సంగతి నా రిజిస్టర్ల రాసి లేదు" అన్నాను. తొమ్మిదింబావుకు 'తుప్పు క్షేమము' అని సంతకం పెట్టాను. అబద్ధమేమీ కాదు, తడిసి ఇంకా ఎర్రగా ఉంది.

ఆగస్టులో విమానం వచ్చి చిత్రాలు తీసుకుపోయింది. మూడో రోజు నన్ను హైదరాబాదు పిలిపించారు. సమావేశం గదిలో గోడంత తెర మీద అంగారకుడు పచ్చగా కళకళలాడుతున్నాడు. వైజయంతి గారి కళ్ళలో నీళ్ళు. అరగంట పాటు ఆవిడ అది అసలు అంగారకుడి చిత్రమే అనుకున్నారట. పత్రికలవాళ్ళకు ఫోన్ చేయబోతుంటే ఎవరో ఆపారట.

"దీనికి మూడే కారణాలు ఉండగలవు" అన్నారు డైరెక్టరు గారు. "ఒకటి, అంగారకుడి మీద జీవం ఉంది. అలా ప్రకటించాలంటే పైనుంచి అనుమతి కావాలి. రెండు, ఎవరో కంది వేశారు. అలా ఒప్పుకుంటే మన స్థలం మన అధీనంలో లేదని మనమే రాసిచ్చినట్టు. మూడు, పరికరం పొరపాటు."

 కంది సంగతి నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. చేతులెత్తమంటే మూడోదానికి అందరూ ఎత్తారు. వైజయంతి గారు అందరికన్నా ముందు ఎత్తారు.

శర్మ గారు తీర్మానం రాశారు. 'సర్వే నంబరు 114 ఇకమీదట పొరపాటుగా పరిగణించబడును. పటములలో ఆ భాగమును తెల్లగా విడిచిపెట్టవలెను. పొరపాటును తనిఖీ చేయుటకు ఎవరును వెళ్ళరాదు. వెళ్ళినచో అచ్చట తనిఖీ చేయదగినదేదో యున్నదని అంగీకరించినట్లగును.'

ఆ సాయంత్రమే పటం మారింది. మా సంస్థ పటాలే మిగతా శాఖలన్నీ తీసుకుంటాయి. అన్నిటిలోనూ మాణెమ్మక్క చెల్క ఉన్నచోట తెల్లటి చదరం ఒకటి మిగిలింది. దాని మీదికి ఆ తర్వాత ఒక్క ఆఫీసరూ రాలేదు, ఒక్క నోటీసూ రాలేదు. కంది నడుమెత్తు పెరిగి, పూతకొచ్చి, కాయ పట్టింది.

నవంబరులో ఊరికి ఇంకో సంగతి వచ్చింది. పెద్ద రోడ్డు ఒకటి వేస్తారట. ఎక్కణ్ణుంచి ఎక్కడికో ఎవరికీ తెలీదు. గీత మాత్రం పటం మీద పైనుంచి చూసి గీశారు. సర్వేవాళ్ళు వచ్చి చెల్కల్లో, చేలల్లో, ఇద్దరి ఇళ్ళ నట్టింట్లో కూడా ఎర్రజెండాల గూటాలు పాతుకుంటూ పోయారు. ఊరి మధ్యనుంచి తిన్నగా వచ్చిన గూటాలు మాణెమ్మక్క గట్టు దగ్గర ఆగాయి. సర్వేయరు తన చేతిలోని తెరను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఎదురుగా కంది చేను గాలికి ఊగుతోంది.

"ఇక్కడేమీ లేదు" అన్నాడు.

"కంది ఉన్నది గద సారూ" అన్నాడు గూటాలు మోసేవాడు.

"పటంలో లేదయ్యా. లేనిదాంట్లో గూటం ఎట్లా పాతుతాం?" అని, గట్టు చుట్టూ తిప్పి, అవతల గూటాలు పాతుకుంటూ వెళ్ళిపోయాడు. ఊరు ఊరంతా నిలబడి చూసింది. ఎందుకట్లా అని అడిగినవాళ్ళకు పొరపాటు తీర్మానం సంగతి నేనే చెప్పాను.

సంక్రాంతి ఇంకా రెండు వారాలుండగా మాణెమ్మక్క కంది కోసింది. ఆ మరునాడు పొద్దున నేను గేటు తాళం తీసేసరికి చంద్రుడి చుట్టూ జనం. ముందు మాణెమ్మక్క, వెనక, కులాలుగా విడిపోయి ఎన్నడూ ఒకచోట నిలబడని మనుషులు. ఆఫీసు ముద్ర గుద్ది హైదరాబాదుకు పంపమని ఆమె నా చేతిలో దరఖాస్తు పెట్టింది. కింద నూట పన్నెండు సంతకాలూ వేలిముద్రలూ ఉన్నాయి. బడి పంతులు చేత రాయించినట్టున్నారు, భాష బాగుంది. 'మొగిలిగుంట గ్రామమును, అందలి ఇండ్లతోను చేలతోను సహా, దయతో పొరపాటుగా ప్రకటించవలసినదిగా ప్రార్థన.'

 తెలిసినవాణ్ణి కదా, చెప్పాలి కదా అని చెప్పాను. "అక్కా, మంచిగ ఆలోచన జేసుకోన్రి. ఒక్కసారి పొరపాటని పడితె ఊరికి రోడ్డు రాదు, దవాఖాన రాదు, కొత్త కరెంటు లైను రాదు. మీది నుంచి చూసేటోళ్ళకు మీరసలు కనవడరు."

మాణెమ్మక్క వెనక్కి తిరిగి జనం వైపు చూసింది. ఎవరూ కదల్లేదు.

"కనవడ్డప్పుడు ఏమొచ్చింది సారూ? జేసీబీ ఒచ్చింది. ఇగ కనవడకుంట బతుకుతం, ఆ సర్కారు ముద్ర గుద్దు."